లీవ్ పెట్టి కెమెరా పట్టాడు.. ‘రాజా’ అయ్యాడు!

గవర్నమెంట్ జాబ్. పీడబ్ల్యూడీ సెక్రటేరియట్‌లో హెడ్ ఎస్టిమేటర్, డ్రాఫ్ట్స్‌మన్. ఇరవై ఏళ్లకు దగ్గర పడిన సర్వీసు. భార్యాపిల్లలు, నెలనెలా జీతం, ఇంకొన్నాళ్లు ఓపిక పడితే పెన్షన్. వయసేమో నలభై. ఇలాంటి మనిషి ఒకరోజు ఆఫీసులో రెండేళ్ల లాంగ్ లీవ్‌కి అప్లై చేసి, పెద్ద చెక్క కెమెరా, గాజు పలకల పెట్టెలు సర్దుకుని ఊళ్లు పట్టుకుని తిరుగుతానంటే ఇంట్లోవాళ్లు ఏమంటారు? ఈరోజుల్లోనే వద్దంటారు కదా. ఇది 1880ల నాటి మాట.

ఆ మనిషి పేరు లాలా దీన్‌దయాళ్. తర్వాత నిజాం ఇచ్చిన బిరుదుతో రాజా దీన్‌దయాళ్ అయ్యారు. పాత హైదరాబాద్ ఎలా ఉండేదో చూపించే ఫొటో ఏదైనా మీ ఫోన్‌కి ఫార్వర్డ్ అయి వచ్చిందంటే, అది ఆయన తీసిందో, ఆయన స్టూడియోలో తీసిందో అయ్యే అవకాశం చాలా ఎక్కువ. చాలామంది ఆయన్ని ఫొటోగ్రాఫర్‌గానే గుర్తుపెట్టుకుంటారు. కానీ దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో కూర్చుని గవర్నమెంట్ జాబా, ప్రైవేటా, సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలా అని కొట్టుమిట్టాడుతున్న మనకి ఆయన ఫొటోలతో పాటు కెరీర్ కూడా పాఠమే. ఎందుకంటే ఆయన మొదట మనలాగే ఇంజినీరింగ్ క్యాండిడేట్.

రూర్కీ డ్రాఫ్ట్స్‌మన్

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. ఇంట్లో నగల వ్యాపారం. కొడుకు మాత్రం రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజినీరింగ్ కాలేజీలో చేరాడు. ఇప్పుడు మనం ఐఐటీ రూర్కీ అంటున్నది ఆ కాలేజీ వారసురాలినే. గంగా కాలువ, రోడ్లు, వంతెనలు కట్టడానికి మనుషులు కావాలి కాబట్టి పెట్టిన కాలేజీ అది. సర్వే చేయడం, ప్లాన్లు గీయడం, ఖర్చు లెక్క కట్టడం, ఇవే అక్కడి చదువు.

1866లో ఇండోర్‌లో పీడబ్ల్యూడీ ఉద్యోగం వచ్చింది. బల్ల ముందు కూర్చుని భవనాల కొలతలు వేయడం, గీతలు గీయడం, ఎస్టిమేట్లు తయారు చేయడం పని. అప్పటికి ఇది స్థిరమైన ఉద్యోగం. చదువుకున్న భారతీయుడికి ఇంతకంటే సేఫ్ దారి ఇంకోటి లేదు.

కెమెరా ఆయన జీవితంలోకి హాబీగానే వచ్చింది. 1870ల మధ్యకల్లా ఖాళీ దొరికితే ఫొటోలు తీయడం అలవాటైంది. ఇక్కడ ఒక విషయం గమనించండి. డ్రాఫ్ట్స్‌మన్‌గా ఆయన రోజూ చేసే పనికీ, ఈ హాబీకీ చుట్టరికం ఉంది. ఒక భవనాన్ని ఎక్కడి నుంచి చూస్తే దాని నిలువు గీతలు వంగకుండా కనిపిస్తాయి, ముందున్న మెట్లకీ వెనకున్న గోపురానికీ మధ్య దూరం కాగితం మీద ఎలా తెలియాలి, పక్కన ఒక మనిషిని నిలబెడితే గోడ ఎత్తు చూసేవాడికి ఎలా అర్థమవుతుంది, ఇవన్నీ ఆఫీసు బల్ల మీద నేర్చుకున్నవే. ఆయన తీసిన భవనాల ఫొటోలు ఈరోజు చూసినా గీత గీసినట్టు నిటారుగా ఉంటాయి. అది అదృష్టం కాదు, ట్రైనింగ్.

అప్పు ఇచ్చిన మహారాజే కెమెరాని మెచ్చాడు

ఆ రోజుల్లో మనదేశంలోకి రెండు కొత్త యంత్రాలు కాస్త అటూఇటూగా వచ్చాయి. ఒకటి కెమెరా, ఇంకోటి ఆవిరి రైలు. ఫొటోగ్రఫీ సంగతి ప్రపంచానికి తెలిసింది 1839లో. బొంబాయి నుంచి ఠాణాకి తొలి ప్యాసింజర్ రైలు నడిచింది 1853లో. దీన్‌దయాళ్ కెరీర్ మొత్తం ఈ రెండు పట్టాల మీదే నడిచింది.

ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావ్ హోల్కర్ తన ఊరికి రైలు తెప్పించుకోవడానికి బ్రిటిష్ ప్రభుత్వానికి కోటి రూపాయలు అప్పు ఇచ్చినాయన. 1870లలో ఖండ్వా నుంచి ఇండోర్ వైపు వేసిన ఆ లైను మీటర్ గేజ్. అంటే రెండు పట్టాల మధ్య దూరం సరిగ్గా మీటరు. మనం ఇప్పుడు ఎక్కే బ్రాడ్ గేజ్‌కి ఆ దూరం 1,676 మిల్లీమీటర్లు. కొండలెక్కాలన్నా, మలుపులు తిరగాలన్నా, ఖర్చు తగ్గాలన్నా చిన్న గేజ్ వైపు మొగ్గు చూపేవాళ్లు. ఆ లైనులోని పాతాళపానీ, కాలాకుండ్ ముక్క మీద తర్వాతి రోజుల్లో హెరిటేజ్ ట్రైన్ నడిపారు. ఇప్పటికీ జనం కెమెరాలతో వెళ్లే చోటది.

అదే తుకోజీరావ్‌కి తన ఊళ్లోని పీడబ్ల్యూడీ ఉద్యోగి తీసే ఫొటోలు నచ్చాయి. ఆయన ప్రోత్సాహంతోనే గవర్నర్ జనరల్ ఏజెంట్‌గా ఉన్న సర్ హెన్రీ డేలీకి దీన్‌దయాళ్ పరిచయమయ్యారు. ఆ పరిచయం నుంచి వైస్రాయ్ నార్త్‌బ్రూక్‌ని ఫొటో తీసే అవకాశం, 1875–76లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఇండియా టూర్‌కి వచ్చినప్పుడు కెమెరాతో అక్కడ ఉండే అవకాశం దక్కాయి. ఇవన్నీ జరుగుతున్నా ఉద్యోగం మానలేదు. పొద్దున ఎస్టిమేట్లు, వీలున్నప్పుడు కెమెరా. మన భాషలో చెప్పాలంటే పదేళ్లకు పైగా సైడ్ ప్రాజెక్ట్ నడిపారు.

ఒక్క ఫొటోకి ఎంత తిప్పలు

ఇప్పుడు ఫోన్ తీసి ఒకే నిమిషంలో నలభై ఫొటోలు కొడతాం. అప్పటి పద్ధతి తెలిస్తేగానీ ఆయన చేసింది ఎంత పనో అర్థం కాదు.

మొదట్లో వాడింది తడి పలక పద్ధతి. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగట ద్రవం సమంగా పోయాలి. తర్వాత దాన్ని సిల్వర్ నైట్రేట్‌లో ముంచాలి. అది తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి ఫొటో తీయాలి, ఆరకముందే డెవలప్ చేసేయాలి. అంతా కలిపి పది, పదిహేను నిమిషాల ఆట. మన ఎండల్లో ఆ టైమ్ ఇంకా తక్కువ. అందుకే ఫొటోగ్రాఫర్ ఎక్కడికెళ్తే అక్కడికి చీకటి డేరా కూడా వెళ్లాలి. మందులు, నీళ్లు, తొట్లు, గాజు పలకలు, మోసేవాళ్లు, అదొక చిన్న ఊరేగింపు.

1871లో రిచర్డ్ మాడక్స్ అనే ఇంగ్లిష్ డాక్టర్ ఆరిన పలక పద్ధతి కనిపెట్టాడు. 1870ల చివరికి ఆ పలకలు బజార్లోకి వచ్చాయి. ముందే తయారై పెట్టెలో వచ్చే పలకలు కాబట్టి ఫొటో తీసి తర్వాతెప్పుడో తీరిగ్గా డెవలప్ చేసుకోవచ్చు. దీంతో దూర ప్రయాణాలు సులువయ్యాయి. అయినా బరువు తగ్గలేదు. ఎందుకంటే అప్పట్లో ప్రింటు ఎంత సైజు కావాలంటే గాజు పలక కూడా అంత సైజు ఉండాలి. పది అంగుళాలు పొడవు, ఎనిమిది అంగుళాలు వెడల్పు పలకలంటే మామూలు విషయం. గుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని ఆ పలకకి ఆనించి ఎండలో పెడితే ప్రింటు తయారు. ఆ పాత ఫొటోలకు ఉండే గోధుమరంగు మెరుపు తెల్లసొనదే.

ఒక్క పలక పగిలితే ఆ ఫొటో ఇక లేనట్టే. ఎద్దుబండి కుదుపుకీ, రైల్లో దించేటప్పుడు కూలీ చెయ్యి జారడానికీ కూడా తట్టుకునేలా సర్దుకోవాలి. తీసే ప్రతి ఫొటోకీ ముందే ఆలోచించుకోవాలి. వెలుగు ఎటు నుంచి వస్తుంది, ఎంతసేపు మూత తీసి ఉంచాలి, ఎవరైనా కదులుతారా. డిలీట్ బటన్ లేని రోజులవి.

రెండేళ్ల సెలవు

1882లో సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి దీన్‌దయాళ్ బుందేల్‌ఖండ్ ప్రాంతం తిరిగారు. గ్రిఫిన్ అప్పటికి డేలీ కుర్చీలోకి వచ్చిన అధికారి. గ్వాలియర్ కోట, ఖజురహో గుళ్లు, సాంచీ స్తూపం వంటివి కెమెరాకి ఎక్కాయి. ఆ ఫొటోల్లోంచి ఎనభైకి పైగా ఎంచి 1886లో ‘ఫేమస్ మాన్యుమెంట్స్ ఆఫ్ సెంట్రల్ ఇండియా’ అనే పుస్తకం వేశారు. అప్పటికి ఈ గుళ్లలో చాలావాటి గురించి బయటివాళ్లకు తెలిసింది తక్కువే. కొన్నిచోట్ల చెట్లు మొలిచి, రాళ్లు జారి పడి ఉన్నాయి. ఆ స్థితి అలాగే గాజు మీద నిలిచిపోయింది.

ఆ టూర్‌తో ఆయనకి ఒకటి తేలిపోయింది. తీయాల్సినవి ఇంకా బోలెడు ఉన్నాయి, ఆఫీసు సెలవు రోజులు చాలవు. అలాగని ఉద్యోగానికి రాజీనామా చేసేయలేదు. రెండేళ్ల లాంగ్ లీవ్ తీసుకున్నారు. సంస్థానాలు తిరిగి, మిగిలిన కట్టడాల ఫొటోలు తీసి, తన సిరీస్ పూర్తి చేసుకున్నారు. ఆ రెండేళ్లలోనే కెమెరా మీద బతకగలనా లేదా అనేది కూడా తేల్చుకున్నారు. 1885లో వైస్రాయ్ డఫరిన్‌కి ఫొటోగ్రాఫర్‌గా నియామకం వచ్చింది. నిజాం కొలువు నుంచి పిలుపూ వచ్చింది. సెలవు అయిపోయాక మళ్లీ డ్రాయింగ్ బల్ల ముందుకి వెళ్లలేదు. పెన్షన్‌కి దరఖాస్తు పెట్టుకుని సర్వీసు నుంచి బయటికి వచ్చారు.

మోటివేషన్ వీడియోల్లో ఈ కథ చెప్తే ‘ఉద్యోగం వదిలేశాడు, గెలిచాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కానీ అసలు జరిగింది వేరు. పదేళ్లకు పైగా పక్కన పని చేసి, పేరు తెచ్చుకుని, సెలవులో పరీక్షించుకుని, ఆదాయం వచ్చే దారి కనిపించాక, పెన్షన్ కూడా చూసుకుని అప్పుడు వదిలారు. ధైర్యం ఉంది. దాని వెనక లెక్క కూడా ఉంది. ఎస్టిమేటర్ కదా మరి!

సికింద్రాబాద్‌లో స్టార్టప్

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా వచ్చిన దీన్‌దయాళ్ 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. చోటు ఎంపికలోనూ తెలివి ఉంది. కంటోన్మెంట్ అంటే బ్రిటిష్ ఆఫీసర్లు, వాళ్ల కుటుంబాలు. మూసీ వైపు నగరంలో నిజాం, పైగా వంశీకులు, జాగీర్దార్లు. ఇద్దరూ కస్టమర్లే. పైగా రైల్వే స్టేషన్ ఉంది. 1874లోనే వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలు వచ్చేసింది. వాడి దగ్గర అది బొంబాయి, మద్రాసు మెయిన్ లైనుకి కలుస్తుంది. అంటే సికింద్రాబాద్‌లో కూర్చుని ఇటు ఇండోర్‌లో ఉన్న స్టూడియోతోనూ, అటు బొంబాయితోనూ వ్యాపారం నడపొచ్చు. 1896లో బొంబాయిలో కూడా స్టూడియో తెరిచారు. అప్పట్లో దేశంలోని పెద్ద స్టూడియోల్లో అదొకటి.

మూడు ఊళ్లలో స్టూడియోలంటే ఒక్కడి వల్ల అయ్యేది కాదు. ఫొటో తీసేవాళ్లు, ప్రింట్లు వేసేవాళ్లు, రంగులద్దేవాళ్లు, అట్టలకి అతికించేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు ఇలా పదుల మంది పని చేసేవారు. కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ ఇద్దరూ ఇదే పనిలోకి వచ్చారు. ప్రతి పలకకీ నెంబరు, ఏ చోటో చెప్పే పేరు, సంస్థ పేరు. ఎవరైనా ఏళ్ల తర్వాత వచ్చి ఫలానా ఫొటో కావాలంటే నెంబరు చూసి ప్రింటు తీసి ఇవ్వాలి కదా. మనం ఇప్పుడు డేటాబేస్, బ్యాకప్ అంటున్నది ఆయన గాజు పెట్టెల్లో చేశారు.

ఇంకో మంచి ఆలోచన 1892 నాటిది. పరదా పాటించే ఇళ్లలోని ఆడవాళ్లు మగ ఫొటోగ్రాఫర్ ముందుకి రారు. మార్కెట్‌లో సగం అలా మూసుకుపోయింది. దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో జనానా స్టూడియో పెట్టారు. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల అంతా ఆడవాళ్లే. మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకి దాని బాధ్యత అప్పగించారు. కస్టమర్ ఎందుకు రావట్లేదో కనుక్కుని, ఆ అడ్డు తీసేయడం. బిజినెస్ స్కూళ్లలో కేస్ స్టడీగా చెప్పాల్సిన ముక్క ఇది.

1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన ఫొటోలకు బహుమతి వచ్చింది. వివేకానందుడు ప్రసంగించిన ఊరు, ఏడాది అవే. 1894లో నిజాం ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే బొమ్మ గీసేవాడు, చిత్రకారుడు. 1897లో విక్టోరియా మహారాణి తన ఫొటోగ్రాఫర్‌గా గుర్తిస్తూ వారెంట్ ఇచ్చింది. ఒకప్పటి పీడబ్ల్యూడీ డ్రాఫ్ట్స్‌మన్‌కి ఇవన్నీ యాభై ఏళ్లు అటూఇటూగా వచ్చినవే. ఇరవై నాలుగేళ్లకే లైఫ్ సెట్ అవ్వలేదని బెంగపడే మనం ఆ వయసు లెక్క ఒకసారి చూసుకోవాలి.

నెక్కొండ దాకా రైలు, అడవిలోకి కెమెరా

నిజాం రైల్వే 1889 నాటికి వరంగల్ మీదుగా బెజవాడ దాకా చేరింది. దాంతో రాజుల వేటల రూపమే మారిపోయింది. అంతకుముందు రోజుల తరబడి ప్రయాణం చేయాల్సిన అడవి అంచుకి రైల్లో దిగి, అక్కడి నుంచి ఏనుగుల మీద వెళ్లడం మొదలైంది. డేరాలు, వంటవాళ్లు, అతిథులు, వాళ్లతో పాటు ఫొటోగ్రాఫర్.

1902 ఏప్రిల్‌లో వైస్రాయ్ కర్జన్ భార్యతో కలిసి హైదరాబాద్ సంస్థానానికి వచ్చాడు. వేటాడిన పులి పక్కన ఆ దంపతులు ఉన్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది. అది తీసింది నెక్కొండ దగ్గర. అదే, ఇప్పుడు వరంగల్ జిల్లాలో ఉన్న మన నెక్కొండ. ఖమ్మం, విజయవాడ వైపు రైల్లో వెళ్లేవాళ్లు కిటికీలోంచి చూసే స్టేషనే. ఆ ఫొటో చూస్తే మనకి ఇప్పుడు ముందు పులి మీదే జాలేస్తుంది. అది న్యాయమే. ఫొటోగ్రాఫర్ ఎవరి కొలువులో పనిచేశాడో ఆ కొలువు చూపించాలనుకున్నదే ఎక్కువగా చూపించాడు. దర్బార్లు, వేటలు, ప్యాలెస్‌లు, సైన్యం కవాతులు. అయితే ఆ ఫ్రేముల అంచుల్లో బండివాళ్లు, మావటీలు, సామాన్లు మోసేవాళ్లు, వీధిలో ఆగి కెమెరా వైపు చూస్తున్న జనం కూడా పడ్డారు. చరిత్ర చదివేవాళ్లకి ఈరోజు వాళ్లే ఎక్కువ కబుర్లు చెప్తున్నారు.

మన మెట్రో లైను పక్కనే

సైదాబాద్‌లోనో, మలక్‌పేటలోనో, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలోనో ఉంటూ చదువుకునేవాళ్లకి దీన్‌దయాళ్ దూరమేమీ కాదు. మూసారాంబాగ్ పక్కన ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఫ్రెంచ్ సేనాని రేమండ్ సమాధి ఉంది. 1798లో చనిపోయిన ఆయన గుర్తుగా కట్టిన రాతి స్తంభం, పక్కన స్తంభాల మండపం. దీన్‌దయాళ్ తీసిన హైదరాబాద్ దృశ్యాల్లో ఈ సమాధి కూడా ఉంది. ఆ ఫొటోలో చుట్టూ ఖాళీ నేల. ఇప్పుడు వెళ్లి చూడండి, గుట్ట చుట్టూ ఇళ్లే. 2001లో కురిసిన వానలకు ఆ మండపం కూలిపోతే తర్వాత మళ్లీ కట్టారు. ఒక కట్టడం నేలకూలినప్పుడు, అది మొదట ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే చూపించడానికి మిగిలేది ఇలాంటి పాత ఫొటోలే.

వీలైతే ఒక ఆదివారం పాత ఫొటోని ఫోన్‌లో పెట్టుకుని, అదే కోణం వెతుక్కుని ఇప్పటి ఫొటో తీయండి. చార్మినార్, ఫలక్‌నుమా, రేమండ్ సమాధి, ఏదైనా సరే. కెమెరా పట్టుకుని ఆయన ఎక్కడ నిలబడ్డారో వెతుకుతుంటే ఆయన డ్రాఫ్ట్స్‌మన్ బుర్ర ఎలా పనిచేసిందో బాగా తెలుస్తుంది.

చివరి ఏళ్లు

పైకెళ్లిన కథకి కిందకి దిగే భాగం కూడా ఉంటుంది. దాన్ని కూడా చెప్పుకోవాలి.

1888లో కోడాక్ కంపెనీ రోల్ ఫిల్మ్ కెమెరా తెచ్చింది. వంద ఫొటోలు తీసి కెమెరాని కంపెనీకి పంపితే వాళ్లే ప్రింట్లు వేసి ఇస్తారు. 1900లో ఒక్క డాలరుకి బ్రౌనీ కెమెరా వచ్చింది. చీకటి డేరా, మందులు, గాజు పలకలు, ఇరవై ఏళ్ల అనుభవం ఏవీ అక్కర్లేకుండా ఎవరైనా ఫొటో తీయగలిగే రోజులు మొదలయ్యాయి. ఏఐ వచ్చి మన పని పట్టుకుపోతుందేమో అని మనం ఇప్పుడు పడుతున్న భయమే, అప్పటి స్టూడియోలకు వేరే పేరుతో వచ్చింది.

ఇంటి దెబ్బ ఇంకా గట్టిది. 1904లో కొడుకు ధరమ్‌చంద్ చనిపోయాడు. మరుసటి ఏడాది 1905 జులై 5న దీన్‌దయాళ్ కూడా కన్నుమూశారు. స్టూడియోని జ్ఞాన్‌చంద్ నడిపించాడు. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి నగరాన్ని ముంచేసినప్పుడు ఆ శిథిలాలను ఫొటోలుగా మిగిల్చిన వాటిలో ఈ స్టూడియో కూడా ఉంది. 1911లో ఆరో నిజాం చనిపోయారు. సంస్థ ఎవరి అండ మీద ఎదిగిందో ఆ మనిషే లేకుండా పోయాడు. కొత్త కాలం, కొత్త కొలువు, చవక కెమెరాలు. తండ్రి కాలం నాటి వైభవం తిరిగి రాలేదు. ఒకే పెద్ద క్లయింట్ మీద ఎక్కువగా ఆధారపడితే ఏమవుతుందో ఫ్రీలాన్సింగ్ చేసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

అయినా ఒకటి మిగిలింది. ఆ నెంబర్లు వేసిన గాజు పలకలు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆయన కుటుంబం దగ్గరున్న 2,857 గాజు నెగెటివ్‌లను సేకరించింది. 2006లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది. గాజు పగలకుండా ఇన్నేళ్లు నిలవడం వెనక ఎవరో ఒకరు ఆ పెట్టెలను జాగ్రత్తగా సర్ది పెట్టారన్న సంగతి ఉంది. గొప్ప పని చేయడం ఒక ఎత్తు, చేసినదాన్ని పద్ధతిగా భద్రం చేయడం ఇంకో ఎత్తు.

కనుమరుగయ్యేలోపే

శ్రీకాకుళం జిల్లా వాళ్లకి నౌపడ, గుణుపురం చిన్న రైలు గుర్తుండే ఉంటుంది. పర్లాకిమిడి సంస్థానం వేయించిన లైను అది, 1900లో మొదలైంది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే, అంటే నేరో గేజ్. టెక్కలి, పాతపట్నం మీదుగా ఆవిరి ఇంజిన్ పొగ వదులుతూ వెళ్లేది. తర్వాత డీజిల్ వచ్చింది. 2004లో ఆ చిన్న పట్టాల మీద రైలు ఆగిపోయింది, తర్వాత బ్రాడ్ గేజ్ వేశారు. ఊళ్లకి అది మంచిదే. పెద్ద రైలు వస్తే ప్రయాణం తేలిక, సరుకు రవాణా తేలిక. కానీ ఆ పాత రైలు ఎలా ఉండేదో మన పిల్లలకి చూపించాలంటే, సెలవులు పెట్టుకుని కెమెరాలతో ఆ రైలు వెంట తిరిగినవాళ్ల ఫొటోలే దిక్కు. అప్పుడు వాళ్లని చూసి పనిలేక తిరుగుతున్నారని నవ్వుకున్నవాళ్లు కూడా ఉండే ఉంటారు.

దీన్‌దయాళ్ సెలవు పెట్టి తిరిగినప్పుడు కూడా విషయం ఇదే. ఆయన తీసిన వాటిలో కొన్ని తర్వాత మారిపోయాయి, కొన్ని కూలిపోయాయి, కొన్ని పూర్తిగా పోయాయి. ఎవరో ఒకరు ముందే వెళ్లి తీయకపోతే, తర్వాత ఎంత మంచి కెమెరా కొన్నా లాభం లేదు.

మనకి పనికొచ్చే నాలుగు ముక్కలు

- చదివింది వృథా కాదు: సివిల్ చదివి ఫొటోగ్రఫీలోకి వెళ్లినా, మెకానికల్ చదివి కోడింగ్‌లోకి వెళ్లినా, పాత చదువు కొత్త పనిలో ఎక్కడో పనికొస్తుంది. ఎక్కడ పనికొస్తుందో ఇంటర్వ్యూలో చెప్పగలిగేలా ముందే ఆలోచించుకోండి.

- ముందు పోర్ట్‌ఫోలియో, తర్వాత రిజైన్: చేతిలో చూపించడానికి పని ఉంటే అవకాశం అడగడం తేలిక. దీన్‌దయాళ్‌కి గ్రిఫిన్ టూర్ ఫొటోలు ఎలాగో మీకు మీ ప్రాజెక్టులు అలాగ. జాబ్ వెతుక్కుంటున్న ఖాళీ నెలలు కూడా ఇందుకు పనికొస్తాయి.

- లెక్క వేసుకుని దూకండి: ఎన్ని నెలలకి డబ్బు ఉంది, తిరిగి రావడానికి దారి ఉందా, ఇంట్లోవాళ్ల పరిస్థితేంటి. ఈ మూడూ కాగితం మీద రాసుకోండి. ఆయన రెండేళ్ల సెలవు, తర్వాత పెన్షన్ చూసుకున్నారు. అలాంటి అండ అందరికీ ఉండదు. లేనివాళ్లు ఉద్యోగం చేస్తూనే పక్కన మొదలుపెట్టడంలో నామోషీ ఏమీ లేదు.

- చేసింది దాచిపెట్టండి: కోడ్ అయినా, డిజైన్ అయినా, ఫొటో అయినా తేదీ, పేరు రాసి ఒకచోట పద్ధతిగా పెట్టుకోండి. ఎప్పుడు ఎవరు అడుగుతారో తెలియదు.

గ్రూప్స్ రాసేవాళ్లు రాయండి, సాఫ్ట్‌వేర్‌కి వెళ్లేవాళ్లు వెళ్లండి. ఏ ఉద్యోగం వచ్చినా ఏడాదికి కొన్ని సెలవులైతే ఉంటాయి. వాటిలో రెండు రోజులు మీకు నిజంగా ఇష్టమైన పని కోసం పక్కన పెట్టండి. దాంతో కెరీర్ మారుతుందని గ్యారంటీ ఏమీ లేదు. కానీ ఇరవై ఏళ్ల తర్వాత, ఆ పని నేను చేయగలిగేవాణ్నా, కాదా అనే సందేహం మాత్రం మిగలదు.